ఒళ్లు వేడి చేసింది

ఆ పొద్దున మూడో పీపీఈ గౌను ముడి వీపు వెనక బిగించుకుంటూనే ఛాయాదేవి ఆ వృద్ధాశ్రమంలో గది తలుపుకు అంటించిన కాగితం చదివింది. పద్నాలుగో గది. లీలావతి. జ్వరం. పదింటికల్లా కోవిడ్ వింగ్‌కి మార్చాలి.

ఆ గదిలో మంచాలు రెండు. రెండోదాని మీద లీలావతి భర్త వీరభద్రరావు. ఈ దేశమొచ్చి ఇక్కడి నోవై ఊళ్లో ముప్ఫయ్యేళ్లు కార్ల ఇంజన్లు గీసిపెట్టిన మనిషి. ఇప్పుడు సొంత గుండె మొరాయించింది, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఆమెను కదిపితే పద్నాలుగు రోజుల దాకా మళ్లీ ఈ గదిలోకి రానివ్వరు. ఆయనకు పద్నాలుగు గంటలుంటే గొప్ప.

ఛాయాదేవికి యాభై రెండు. పొట్టి మనిషి, గట్టి పిక్కలు. మాస్కు తాళ్లు ఒరుసుకుని చెవుల వెనక కాయలు కాశాయి. గుంటూరులో నర్సింగు చదివి వచ్చి, ఏళ్లపాటు వార్డుల్లో నిలబడి, నలభై దాటాక మళ్లీ పుస్తకాలు పట్టి నర్స్ ప్రాక్టీషనర్ అయింది. రోగిని పరీక్షించడం, మందు రాయడం, కింద సంతకం పెట్టడం ఆమె పనే. అయినా గుడిలో కలిసినవాళ్లు "మా నర్సమ్మ" అనే పరిచయం చేస్తారు. ఆమె దిద్దదు. మార్చి నుంచి డాక్టరు ఫోన్‌లోనే. ఈ డిసెంబరు మంచులో కూడా గదుల్లోకి వెళ్లేది ఆమే.

"ఏంటి పిన్నిగారూ, జ్వరమట?"

"జ్వరమా, నా మొహమా! ఒళ్లు వేడి చేసింది తల్లీ. పొద్దున ఆ పిల్లకి అదే చెప్పా, టూ మచ్ హీట్ అని."

వేడి చేయడమనే జబ్బు ఇంగ్లీషులో లేదు. సహాయకురాలు టాషా విన్నది విన్నట్టు జ్వరమని రాసేసింది. ఛాయాదేవికి నవ్వొచ్చింది కానీ నవ్వి ఊరుకునే రోజులు కావు. థర్మామీటరు పెట్టింది, తొంభై ఎనిమిది. ఆక్సిజన్ తొంభై ఆరు. ముక్కులో పుల్ల తిప్పి పావుగంట ఆగింది, ఒకటే గీత. కోవిడ్ కాదు. నాలుక చూస్తే బీటలు వారిన మడిలా ఉంది.

"ఒంటికి వెళ్తే మంటా?"

"మంటే. నీళ్లు మానేశాగా."

"ఎందుకూ?"

లీలావతి గొంతు తగ్గించింది. "తాగితే వెళ్లాలి. తోడు లేకుండా నడవలేను. ఆ పిల్ల మీ వేషమంతా కట్టుకుని వచ్చేసరికి అరగంట. నేను బాత్రూంలో ఉండగా ఈయన పోతే?"

ఛాయాదేవి బయటికొచ్చి డాక్టర్ శశికాంత్‌కి ఫోన్ చేసింది.

"డౌట్ ఉంటే మూవ్ చేసేయడమే సేఫ్ కదా, ఛాయగారూ?"

"డౌట్ మీకుంది. నేను చూసొచ్చాను. యూరిన్ ఇన్ఫెక్షన్. శాంపిల్ పంపాను, మందు రాశాను. ఆవిడ ఇక్కడే ఉంటుంది. సంతకం నాది."

"రేపు మళ్లీ టెస్ట్ చేయండి."

"రోజూ చేస్తా."

కాగితం పీకి బుట్టలో పడేసింది. కమోడు కుర్చీ గదిలోకే తెప్పించి తెర కట్టించింది. టాషా ఒక పక్క, తనొక పక్క నెట్టి మంచాలు రెండూ కలిపారు.

"ఇక తాగండి. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

గ్లాసుడు ఖాళీ అయింది. ఇంకోటి పోసింది.

"గేదెకి కుడితి పెట్టినట్టు పెడుతున్నావేంటే?"

"గేదె మాట వింటుంది పిన్నిగారూ. మీరే వినరు."

ఇంకో పదకొండు గదులు తిరిగి మూడు దాటాక వచ్చేసరికి వీరభద్రరావు ఛాతీ కదలడం లేదు. లీలావతి ఆయన చేతిమీద చేయి వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడే తల్లీ. నన్ను చూస్తూనే పోయారు."

ఛాయాదేవి స్టెతస్కోపు పెట్టి నిమిషం పాటు విని, టైము రాసుకుంది. తర్వాత గ్లాసు నింపి ఇచ్చింది. లీలావతి మారుమాట లేకుండా తాగింది.

ఆయన చెవిలోంచి తీసి లీలావతి రుమాల్లో చుట్టిపెట్టిన వినికిడి మిషను, ఎవరూ ఆపక, బల్లమీద సన్నగా కూస్తూనే ఉంది.