లక్క చుక్క

సబ్బు కాగితాలతో పాటగత్తెని తేల్చడమేమిటని మీరు నవ్వుతారు గానీ, ఆ ఏడాది గరివిడిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఫ్యాక్టరీ కొత్తగా వెలిసిన రోజులవి. పున్నమి సబ్బుల కంపెనీ వాళ్ళు వ్యానుకి మైకులు కట్టుకుని దసరా వెళ్ళగానే జిల్లాలోకి దిగారు. పక్షానికో ఊరు, ఆ ఊరి డేరా సినిమా హాల్లో పాటల పోటీ. ఎవరి పాట నచ్చితే వాళ్ళ డబ్బాలో సబ్బు మీది కాగితం వెయ్యాలి. తక్కువ పడ్డవాళ్ళు ఇంటికి. మన జీవరత్నం డబ్బా నిండాలని గరివిడి తల్లులు పిల్లల్ని పూటకోసారి కూచోబెట్టి తోమారు. వీపు మండుతోందని పిల్లలు ఏడిస్తే, రత్నమక్క కోసం ఓర్చుకోండర్రా అన్నారు.

జీవరత్నం మిషను బడిలో చిన్నపిల్లలకి పాటలు నేర్పే పంతులమ్మ. ఆ గొంతు మాత్రం బడిలో వచ్చింది కాదు, తల్లి ఏసమ్మది. ఏసమ్మ ఊడుపుల్లో పాట ఎత్తుకుందంటే అవతలి మడిలో వాళ్ళు నడుం ఎత్తి చూసేవారు. మోకాళ్ళు అరిగి చేలోకి వెళ్ళడం మానేశాక ఆవిడ ఒకటే మాట అనేది, బురదలో పాట బురదలోనే పోతాదని. గెలిచినవాళ్ళ పాటని మద్రాసులో రికార్డు వేయిస్తామని కంపెనీ మైకులో చెప్పిన రోజునే రత్నం పోటీకి పేరిచ్చింది. అమ్మ పాట రికార్డులో ఉండిపోవాలి. పేరక్కర్లేదు, పతకం అక్కర్లేదు, ఆ ఒక్కటీ చాలు అనుకుంది.

ఆమె పక్కన హార్మనీ వాయించేది మేనబావ డేవిడ్‌రాజు. ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమస్తా, ఆదివారం వస్తే చర్చిలో హార్మనీ. వేసవిలో వాళ్ళిద్దరికీ పెళ్ళి. రత్నం లంగా ఓణీ కూడా వెయ్యని వయసులోనే ఆమె గొంతు ఏ శృతిలో హాయిగా పలుకుతుందో వెతికి పట్టుకున్నవాడు అతనే. హార్మనీ పెట్టెలో ఆ శృతి పలికే మెట్టు మీద ఎర్రలక్క కరిగించి ఒక చుక్క పెట్టాడు. ఇది నీ మెట్టు, దీని మీద నా వేలున్నంతసేపూ నీ గొంతుకి దెబ్బ తగలదు అన్నాడు. ఆ పిల్ల అప్పుడప్పుడూ ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ నడుమ ఎక్కడో పాట ఎత్తుకునేది. గొంతుకి మెట్లేమిటి, ఎక్కడైనా నిలబడుతుంది. పెట్టెకి కుదరదు. అప్పుడు డేవిడ్‌రాజు వాయించడం ఆపేసి కసిరేవాడు.

"రెండు మెట్ల మధ్యన నిలబడకే రత్నం. అక్కడ హార్మనీ నేదు. అక్కడికి నాను రాలేను."

ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. మళ్ళీ ఎప్పుడూ పక్కకి జరగలేదు.

కొత్తవలస, నౌపడ, శ్రీకాకుళం, ఒక్కో ఊరు దాటుతుంటే ఒక్కొక్కళ్ళూ రాలిపోయారు. రత్నం కళ్ళు మూసుకుని పాడుతుంది. ఎందుకు మూసుకోదు మరి? పక్కన బావ ఉన్నాడు, బావ వేలు లక్క చుక్క మీద ఉంది. ఆఖరికి ఇద్దరు మిగిలారు, రత్నమూ, కొత్తవలస పిల్ల నీలవేణీ. చివరి పోటీ విజయనగరంలో. దానికి సబ్బు కాగితాలు చెల్లవు, మద్రాసు నుంచి వచ్చే రికార్డుల వాళ్ళే తేలుస్తారు.

శ్రీకాకుళంలో పోటీ అయ్యాక కంపెనీ మేనేజరు గణపతిరావు రత్నాన్ని పక్కకి పిలిచాడు. నువ్వే గెలిచేటట్టున్నావు, మద్రాసులో వాయించడానికి మా వాళ్ళున్నారు, నువ్వొక్కర్తివీ వస్తే చాలు అన్నాడు. రత్నం క్షణం కూడా ఆలోచించలేదు. మా బావ రాలేని చోటికి నేను రానండీ అని చెప్పేసింది. ఆయన కాసేపు గొణిగి, సరేనమ్మా, ఆయన్నీ తీసుకురా అన్నాడు. ఈ సంగతి ఆమె బావకి చెప్పలేదు. గెలిచాక చెప్పి అతని మొహం చూడాలని కడుపులో దాచుకుంది. పిచ్చిపిల్ల.

పోటీ రోజు పొద్దున్న రైల్లో డేవిడ్‌రాజు ఎన్నడూ లేనిది జాగ్రత్తలు చెప్పాడు. పెద్ద హాల్లో శృతి ఎత్తుగా వినబడతాది, బెదిరిపోకు, అది నీ భయమే తప్ప మరేటీ కాదన్నాడు. సరే బావా అంది.

హాలు కిటకిటలాడింది. రత్నం కళ్ళు మూసుకుంది. హార్మనీ మోగింది. ఎత్తు. ఎత్తుగా ఉందే అనిపించింది గానీ, బావ ముందే చెప్పాడు కదా, భయమే అయ్యుంటుందని సర్దుకుంది. అమ్మ పాట ఎత్తుకుంది. మొదటి చరణం లాక్కొచ్చింది. రెండోది మెడ నరాలు బిగించి లాక్కొచ్చింది. చివరి చరణంలో, చేలోంచి గట్టు మీది మనిషిని కేకవేసే చోట పాట పైకి లేవాలి. ఏసమ్మ అక్కడే అవతలి మడిని ఆపేది. రత్నం లేచింది. గొంతు రెండుగా చీలి కీచుమంది.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆమె కళ్ళు తెరిచి బావకేసి చూసింది. పెట్టె మీద ఎర్రగా లక్క చుక్క కనిపించింది. అది కనిపించకూడదు. పాట ఉన్నంతసేపూ అతని వేలి కింద ఉండాల్సిన చుక్క అది. అతని వేలు ఎత్తు శృతి పలికే పక్క మెట్టు మీదుంది, తొణక్కుండా, బెణక్కుండా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి. మిగిలిన పాట ఆమె ఎలా పాడిందో ఆమెకే తెలీదు.

నీలవేణి గెలిచింది. ఆ పిల్లని అనేందుకేం లేదు, నిండుగా పాడింది. గరివిడి నుంచి వెళ్ళినవాళ్ళు మంచు పడ్డాదేమో, మిరియాల పాలు తాగాల్సిందేమో అని రత్నాన్ని ఓదార్చారు. డేవిడ్‌రాజయితే పటికబెల్లం పొట్లం కూడా కొని తెచ్చాడు, గొంతుకి మంచిదట. గొంతు కోసినవాడే మందు తేవడం అంటే ఇదే మరి!

తిరుగు పాసింజరులో ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. ఇంకా పొద్దుంది. నెల్లిమర్ల దాటాక రత్నం నోరు విప్పింది.

"లక్క సుక్క కనిపించింది బావా."

అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. మొహం తిప్పకుండానే అన్నాడు.

"మద్రాసుకి నువ్వొక్కర్తివే సాలన్నాడు గణపతిరావు. శ్రీకాకులంలో నిన్ను పిలవకముందే నాతో సెప్పేడు. నీ గొంతుని ఇన్నేళ్ళూ మోసింది నాను. నన్నొగ్గేసి నువ్వెల్లిపోతావా?"

ఆమెకి నోటిదాకా వచ్చింది, చెప్పేద్దామని. చెప్పలేదు. చెబితే అతను ఏడుస్తాడు, తను ఓదార్చాలి, అది తన వల్ల కాదనుకుంది. గొంతు పోయిందని కాదు ఆమె ఏడుపు. రికార్డు పోయిందనీ కాదు, ఆ దుఃఖం వేరే ఉంది. కళ్ళు మూసుకుని పాడానే అని ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని గరివిడి దాకా ఏడ్చింది. ఏసమ్మ గుమ్మంలో నిలబడి, పాట ఎలా ఉన్నాదే అని అడిగితే, బాగా పాడలేదమ్మా అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. చర్చిలో రత్నం పాట ఉంటుందని అందరికీ తెలుసు. ఆ వేళే పాస్టరుగారు అందరి ముందూ వాళ్ళ పెళ్ళి ప్రకటన కూడా చదవాలి. డేవిడ్‌రాజు చొక్కా మడత నలక్కుండా పెట్టె ముందు కూచున్నాడు. లక్క చుక్క మీద వేలు పెట్టాడు, భద్రంగా. తిత్తి ఊదబోయే లోపే రత్నం ఆ ఊడుపు పాట వరసలోనే కీర్తన ఎత్తుకుంది.

అతను చుక్క మెట్టు నొక్కాడు. కలవలేదు. పక్క మెట్టు నొక్కాడు. అదీ కలవలేదు. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి, పెట్టె పళ్ళు నూరినట్టు మోగింది. ముందు వరసలో ముసలమ్మలు మొహం చిట్లించారు. ఆమె గొంతు రెండు మెట్ల నడుమ నిలబడిపోయింది, జరగలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతను తిత్తి వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట ఒక్కటే సాగింది, ఎత్తు చోటు వచ్చింది, గొంతు చెదరలేదు. ఏసమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది.

పాట ముగించి రత్నం పెట్టె దగ్గరికి వచ్చింది. అతను మెల్లగా అడిగాడు, అందరూ చూస్తున్నారు కదా.

"అలగెందుకు పాడేవే? అక్కడికి నాను రాలేనని నీకు తెలుసు కదేటి?"

"తెలుసు బావా. నువ్వు రాలేని సోటికి నాను రానని ఆ గణపతిరావుకి సెప్పేను. నిన్నూ తెమ్మన్నాడు. నువ్వు లక్క సుక్క మీంచి యేలు తియ్యకముందు మాటది."

రత్నం వంగి గోటితో ఆ లక్కని గీకింది. ఎన్నేళ్ళదో, ఓ పట్టాన ఊడలేదు. ఊడాక దాన్ని అతని అరచేతిలో పెట్టి, పెళ్ళి ప్రకటన చదవొద్దని పాస్టరుగారితో చెప్పి, తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.