రెండు సీట్ల కారు

పొద్దున్నే టీ తాగేటప్పుడు కొడుకు మాట్లాడతాడు, కోడలు పేపరు చూస్తుంది, పెద్దావిడ బరువెక్కుతుంది. ఆ ఇంట్లో రోజూ అంతే.

కొన్నాళ్లుగా కొడుకు మాట్లాడేదంతా కార్ల గురించే. ఫోన్లో చూసిన వీడియోలన్నీ తెచ్చి టీ కప్పుల మధ్య పరుస్తాడు. ఏ కారు ఎంతసేపట్లో వంద దాటుతుందో, ఏ కారు మలుపులో తోక ఊపుతుందో, ఏ కంపెనీ ఇంజనీరుకి ఎక్కడ బుర్ర పనిచెయ్యలేదో వివరిస్తాడు. తను మాత్రం బండి నడిపితే రెండో గేరు దాటడు. ఇంట్లోనే కూర్చుని ప్రకటనలు రాయడం వాడి ఉద్యోగం. సబ్బుల గురించీ బిస్కెట్ల గురించీ రాస్తాడు. పెద్దావిడ ఉద్యోగమంతా కోర్టులో స్టెనోగ్రాఫరుగానే గడిచింది. జనం చెప్పిన అబద్ధాలు టైపు చేసీ చేసీ అలిసిపోయిన తన కడుపున పుట్టి, వీడు కొత్త అబద్ధాలు తయారుచేసే పనిలో చేరాడే అని ఆవిడకి మొదట్నుంచీ చిన్నచూపు.

ఆవిడ ఎవర్నైనా చిన్నచూపు చూస్తే ఆవిడ బరువు పెరుగుతుంది. కోర్టులో చేరిన కొత్తల్లో మొదలైంది. ఒక సాక్షి ఏడుస్తూ అబద్ధం చెబుతుంటే కుర్చీ కాళ్లు విరిగాయి. ఆఫీసువాళ్లు గట్టి కుర్చీ వేయించారు. ఇప్పుడుంటున్న అపార్టుమెంటులో ఆవిడ లిఫ్టెక్కితే మిగతావాళ్లు ఏమీ అనకుండా మెట్లెక్కుతారు. వారం వారం మోకాళ్ల కోసం వెళ్తే, ఫిజియోథెరపిస్టు తూకం చూసి "ఈరోజు ఎవరండీ?" అని మాత్రం అడుగుతుంది. పక్కింటాయనో, టీవీలో వార్తలు చదివినతనో, ఎవరో ఒకరు ఉంటారు. ఎక్కువసార్లు కొడుకే.

కోడలి విషయంలో మాత్రం ఆవిడ బరువు ఎప్పుడూ కదల్లేదు. పెళ్లైన కొత్తలో పట్టుదలగానే వెతికింది, చిన్నచూపు చూడటానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. కోడలు మత్తు డాక్టరు. మనుషుల్ని మాట్లాడకుండా పడుకోబెట్టి జీతం తెచ్చుకుంటుంది. అంతకంటే గౌరవమైన వృత్తి పెద్దావిడకి తోచలేదు.

ఆ కోడలికి ఒక్క పిచ్చి ఉంది. ఊరి బయట వాడకం మానేసిన విమానాల రన్‌వే మీద ఆదివారాలు కార్ల పందేలు జరుగుతాయి. ఒక్కో కారూ ఒంటరిగా గడియారంతో పోటీ పడాలి. డాక్టర్లు, బట్టల కొట్టు యజమానులు, రిటైరైన ఆఫీసర్లు, అందరూ సరదాగా వచ్చేవాళ్లే. కోడలు ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్న పాత కారుతోనే వెళ్లేది, చివరి నుంచి లెక్కపెడితే తొందరగా దొరికే స్థానంలో ఉండేది. అత్తగారిని తిప్పీ తిప్పీ ఆ కారు స్ప్రింగులు చచ్చిపోయాయి. ఇక దీన్ని బాగుచెయ్యను పొమ్మన్నాడు మెకానిక్కు.

ఈసారి సరైన స్పోర్ట్స్ కారు కొంటానని కోడలు ప్రకటించింది. రోజూ హాస్పిటల్‌కి వెళ్లాలి, అత్తయ్యని ఫిజియోకి తీసుకెళ్లాలి, ఆదివారం పందెంలో పరుగెత్తాలి. మూడు పనులకీ ఒకటే కారు. ఇది వినగానే కొడుకు తనకే పదవి వచ్చినట్టు వెలిగిపోయాడు. పెద్దావిడ కూర్చున్న ఇనప కుర్చీ కిర్రుమంది.

షోరూములకి ముగ్గురూ వెళ్లారు. పెద్దావిడ ఎందుకంటే, ఆవిడ ఎక్కితే కారు ఏమవుతుందో ముందే తెలుసుకోవడం మంచిదని కోడలు అంది.

మొదటిది కొడుకు ఎంచింది. ఎర్రగా, వెడల్పుగా, నేలకి అంటుకుపోయినట్టు ఉంది. స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్కలు కూడా లేచాయి. ఇది కారు కాదు మేడమ్, ఒక అనుభూతి అన్నాడు సేల్స్‌మన్. ఆ వాక్యం విని కొడుకు మెచ్చుకోలుగా తలాడించాడు, తనే రాసినట్టు. నడిపి చూడటానికి అందరూ ఎక్కారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ అనుభూతి కూరగాయల బండి వెనక నిలబడి గర్జిస్తోంది, ముందుకి మాత్రం పోవడం లేదు. పక్కన స్కూటరు మీదున్నావిడ చెవులు మూసుకుంది. పెద్దావిడ బరువు అక్కడే పెరిగింది. తర్వాత వచ్చిన స్పీడ్ బ్రేకర్ మీద కారు పొట్ట ఆనించి కూర్చుండిపోయింది. దాన్ని కదిలించడానికి నలుగురు రావాల్సి వచ్చింది. సేల్స్‌మన్ తిరుగు దారంతా అనుభూతి గురించి ఎత్తలేదు.

రెండోది బ్యాటరీ కారు. లోపల బ్లాక్‌బోర్డంత తెర. దాని బరువెంతో సేల్స్‌మన్ గర్వంగా చెప్పాడు. తనకంటే బరువైనదాన్ని చూడటం పెద్దావిడకి అదే మొదటిసారి. దీనికి ఇంతమంది మీద చిన్నచూపు ఎందుకో పాపం అనుకుంది. యాక్సిలరేటర్ నొక్కగానే మెడ వెనక్కి పోయింది. మలుపు తిరగమంటే మాత్రం ఆ కారు కాస్త ఆలోచించుకుంది. కోడలు తాళాలు తిరిగి ఇచ్చేసింది. కొడుకు మాత్రం భవిష్యత్తు గురించి అక్కడే నిలబడి చాలాసేపు మాట్లాడాడు. వింటున్నది సేల్స్‌మన్ ఒక్కడే, అతనికి జీతం ఇచ్చేది అందుకే.

మూడోది పేపరులో చిన్న ప్రకటన చూసి కోడలే కనిపెట్టింది. ఆరోజు కొడుక్కి ఏదో మీటింగుంది. కారు ఒక పాటల మాస్టారిది. పాతది, చిన్నది, పైకప్పు తీసెయ్యొచ్చు, రెండే సీట్లు. ఇంజను మామూలుదే, కారు తేలిక కాబట్టి చురుగ్గా కదులుతుంది. వాన గట్టిగా పడితే ఎడమ మోకాలి మీద కారుతుందనీ, నడుం నొప్పి ఉన్నవాళ్లకి దిగడం కష్టమనీ, వేరే ఏదైనా చూసుకుంటే మంచిదనీ చెప్పి మాస్టారు లోపలికెళ్లి తన పాఠం చెప్పుకున్నాడు. ఆ మనిషి మీద చిన్నచూపు పుట్టడానికి పెద్దావిడకి సందు దొరకలేదు. ఎక్కితే కారు కుంగలేదు.

కోడలు నడిపింది. గతుకులో పడ్డప్పుడు గతుకులా అనిపించింది, మలుపులో తిరుగుతున్నట్టు అనిపించింది. ఏదీ దాచలేదు ఆ కారు. చెరువు గట్టు దాటాక కోడలు వేగం తగ్గించింది.

"దీంట్లో రెండే సీట్లు అత్తయ్యా."

"చూశాను."

"నాకు రెండు చాలు. హాస్పిటల్ వాళ్లు క్వార్టర్స్ ఇస్తామన్నారు. పందేల సీజన్ అయ్యాక వెళ్లిపోదామనుకుంటున్నాను. ఆయన చెడ్డవారు కాదు. ఆయనతో మాట్లాడటం నేను మానేసి చాన్నాళ్లయింది. అది కూడా ఆయనకి తెలియలేదు." గేరు మార్చి అడిగింది, "మీరొస్తారా నాతో?"

ఏ అంతస్తని అడిగింది పెద్దావిడ. గ్రౌండ్ ఫ్లోరే అంది కోడలు.

"అయితే కొను."

కొడుక్కి ఆ కారు నచ్చలేదు. బొమ్మ కారన్నాడు. నేనెక్కడ కూర్చోవాలి అని మాత్రం అడగలేదు, ఆ లెక్క వాడికి తట్టనే లేదు. కారుకి పెట్టాల్సిన టైర్ల గురించి చెప్పుకుపోతుంటే అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

మొదటి ఆదివారం పెద్దావిడ రన్‌వే చూసి పెదవి విరిచింది. పొట్టలు లోపలికి పీల్చుకుని రేసు సూట్ల జిప్పులు లాక్కుంటున్న మగాళ్లు, గుండె ఆపరేషనుకి ముందు మాట్లాడుకుంటున్నట్టు టైరు గాలి గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన తన గ్లవ్స్ ఏ తోలుతో చేశారో చెప్పాడు. ఆవిడ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు ఎండకి మెత్తబడ్డ తారులో దిగిపోయాయి. అయినా అందరికంటే గొప్ప దృశ్యం ఆవిడ కొడుకే. క్లబ్బులో ఎవరూ అడక్కుండానే టోపీ పెట్టుకుని, మెళ్లో స్టాప్‌వాచ్ వేసుకుని, నత్త మలుపు అనే చోట టైర్ల వరస వెనక నిలబడి, పోయే ప్రతివాడికీ చేతులూపుతూ ఎలా తిరగాలో నేర్పుతున్నాడు. ఎవరూ అటు చూడటం లేదు.

నత్త మలుపు ఎడమకి బాగా ముడుచుకుని ఉంటుంది. వేగంగా తిప్పితే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. తేలిక కార్లన్నీ అక్కడే జారతాయి. పక్కసీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చని క్లబ్బు నియమం. కోడలు హెల్మెట్ తెచ్చి అత్తగారి తలకి పెట్టి పట్టీ బిగించింది.

నేరుగా ఉన్న దారిలో పెద్దావిడ కోడలి చేతులు చూస్తూ కూర్చుంది. ఆపరేషన్ గదిలో కూడా ఇలాగే కదుల్తాయి కాబోలు, ఒక్క అనవసరపు కదలిక లేదు. చూస్తున్నకొద్దీ ఒళ్లు తేలికై కారు దూసుకుపోయింది. నత్త మలుపు వచ్చింది. టోపీ కనబడింది, చేతులూపడం కనబడింది. కడుపులోంచి పాత చిన్నచూపు పొంగింది, ఎడమ పక్క ఒక్కసారిగా కుంగింది. లేవబోయిన చక్రం నేలని పట్టేసింది. కారు గీత గీసినట్టు తిరిగిపోయింది.

పందెం ముగిశాక బోర్డు మీద కోడలి పేరు పైకి పాకింది. ఏం జరిగిందో అత్తాకోడళ్లు చర్చించుకోలేదు. తర్వాతి ఆదివారం మాత్రం పెద్దావిడ కొడుకుని పిలిచి, నువ్వు ఆ మలుపు దగ్గరే నిలబడు, వేరే చోటికి వెళ్లకు అంది. తన సలహాలు పనిచేస్తున్నాయని వాడు పొంగిపోయాడు. ఆ పొంగు చూసి ఆవిడ ఇంకా బరువెక్కింది. సీజన్ గడిచేకొద్దీ ఖరీదైన ఎర్ర కార్ల వాళ్లు తలలు గోక్కుంటూ ఆ బొమ్మ కారు కింద వంగి చూడటం మొదలుపెట్టారు.

చివరి పందెంనాటికి కోడలి సామాను సగం సర్దేసి ఉంది. వెళ్లిపోతున్న సంగతి ఆ వారంలోనే భర్తకి చెప్పింది. వాడు ఎప్పుడూ లేనిది నోరు తెరిచి మళ్లీ మూసేశాడు. మర్నాడు మళ్లీ టైర్ల గురించి మాట్లాడాడు. వీడికి గుండె ఉండాల్సిన చోట బ్రోచరుందని పెద్దావిడ తేల్చేసింది.

ఆ ఆదివారం వాళ్ల ముందు వెళ్లింది గ్లవ్స్ ఆయన. కొడుకు సలహాలని అందరి ముందూ వెక్కిరించే మనిషి. ఆయన గీత దాటకముందే, ఏదో తొందరలో, వీళ్లకి జెండా ఊపేశారు. నేరు దారిలో కారు ఎప్పటికంటే బాగా పోయింది. ఈ పరుగు ఇలాగే పూర్తయితే మొదటి స్థానం వాళ్లదే. నత్త మలుపు దగ్గరికి రాగానే పెద్దావిడ అలవాటుగా టోపీ కోసం చూసింది.

టోపీ నేలమీదుంది. గ్లవ్స్ ఆయన కారు టైర్ల వరసలో దూరిపోయి ఉంది, బానెట్ కిందనుంచి నల్లటి పొగ. కొడుకు టైర్లెక్కి దూకి, చొక్కా చిరిగిపోయి, వంకరపోయిన తలుపు రెండు చేతులతో లాగుతున్నాడు. కాలు కారుకి తన్నిపెట్టి లాగుతున్నాడు. నోరు మూసుకుని ఉన్నాడు.

కోడలు ఎప్పటిలాగే ఆ బరువు వస్తుందనుకునే స్టీరింగ్ తిప్పింది. బరువు రాలేదు. లోపలి చక్రం లేచింది, వెనక భాగం జారింది, కారు గిర్రున తిరిగి గడ్డిలోకి వెళ్లి, దుమ్ములో, వచ్చిన వైపుకే ముఖం పెట్టి ఆగింది.

ఇంజను ఆపి కోడలు హెల్మెట్ తీసింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు.

"ఏమైంది అత్తయ్యా?"

"వాణ్ణి చూశాను."

"రోజూ చూసేదే కదా."

"ఈసారి చూశాను."

వాళ్లు అక్కడికి చేరేసరికి గ్లవ్స్ ఆయన గడ్డి మీద కూర్చుని దగ్గుతున్నాడు. క్లబ్బు మనుషులు మంటలార్పే సిలిండర్లతో పరుగెత్తుకొస్తున్నారు. కొడుకు కాస్త దూరంగా ఒక టైరు మీద కూర్చుని అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. పెద్దావిడ వాడి పక్కన కూర్చుంది. ఇప్పుడు మొదలుపెడతాడు అనుకుంది. తలుపుని ఏ కోణంలో లాగాలో, పొగ రంగుని బట్టి ఏం తెలుస్తుందో చెబుతాడని ఎదురుచూసింది. వాడు ఏమీ చెప్పలేదు. ఆవిడే అడగాల్సి వచ్చింది, దూకేటప్పుడు ఏమనుకున్నావని.

"ఏమీ అనుకోలేదమ్మా. భయమేసింది. ఇంకా వేస్తోంది."

కోడలు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని దాచిన చేతులు బయటికి లాగింది. కుడి అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. ఆమె శుభ్రం చేసి కట్టు కడుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాళ్ల పెళ్లయ్యాక వాడు అంతసేపు మౌనంగా ఉండటం పెద్దావిడ ఎరగదు.

మొదటి స్థానం వేరెవరికో పోయింది. దాని గురించి కోడలు బాధపడిందో లేదో పైకి తేలలేదు, వెళ్లే రోజుని మాత్రం మార్చలేదు. సర్దుకోవడం మొదలుపెట్టమని అత్తగారికి చెప్పడానికి వస్తే, ఆవిడ మంచం మీద ఖాళీ పెట్టె మూసి పెట్టి కూర్చుంది.

"నువ్వు వెళ్లు. నేను వాడి దగ్గరుంటాను."

"వస్తానన్నారు."

"అన్నాను. వాడు నిన్నట్నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. రేపో ఎల్లుండో నోరు తెరిచి ఒక నిజం చెబుతాడేమో. వినడానికి ఒకరుండాలి కదా."

కోడలు ముఖం ఎర్రబడింది. కోపమొచ్చిందనే పెద్దావిడ అనుకుంది, రావాల్సిందే అనుకుంది. కోడలు వంగి అత్తగారి మోకాళ్ల మీద చెయ్యి వేసి, నొప్పి ఎలా ఉందని అడిగింది. లేదని చెప్పడానికి పెద్దావిడకి కొంచెం సిగ్గేసింది.

వెళ్లే పొద్దున్న కొడుకే సామాను కిందికి మోశాడు. చివరి పెట్టె వెనక పట్టలేదు. దాన్ని పక్కసీట్లో నిలబెట్టి, బెల్టు చుట్టి, కదులుతుందేమో అని ఊపి చూశాడు. బెల్టుల గురించి ఏమీ చెప్పలేదు. కోడలు స్టీరింగ్ మీద చేతులుంచి వాణ్ణి అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఆ కట్టు తడపకండి. గురువారం మార్చాలి, హాస్పిటల్‌కి రండి."

వాడు తలూపాడు.

కారు కదిలి మలుపు తిరిగి మాయమైంది. అది రేపిన గాలికి గేటు దగ్గర నిలబడ్డ పెద్దావిడ పాదాలు నేల విడిచాయి, చీర కుచ్చిళ్లు ఊగాయి. కొడుకు చప్పున చూసి కట్టుకట్టిన చేత్తోనే ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు, నొప్పికి ముఖం ముడుచుకుపోయింది.

"కాలిన చేత్తో పట్టుకుంటావేంరా, బుర్రుందా నీకు?" అంది ఆవిడ.

ఆ కాస్త విసుగుతో పాదాలు మళ్లీ నేలకానాయి. ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్లారు.