యాభై ఏళ్లకి సరిపడా

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఈశ్వరప్రసాద్ చెయ్యి పెట్టి చూసిన సరుకుకి మరొకరు వంక పెట్టేవారు కాదు. బస్తా మూతి విప్పి, లోపలికంటా చెయ్యి పోనిచ్చి, అడుగునున్న పాయ ఒకటి పైకి తీసి మెడ దగ్గర బొటనవేలితో నొక్కేవాడు. అది నెల నిలవుంటుందో, వారంలో కుళ్లుతుందో అక్కడికక్కడే చెప్పేసేవాడు. తండ్రి నాటి కొట్టు, తండ్రి నేర్పిన విద్య. మంచిదేదో ఏరుకోవడమే వ్యాపారమని అతని నమ్మకం.

అతనికి ఒక్కతే కూతురు, అలేఖ్య. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ఇరవై రెండేళ్లు వచ్చినా మాట ముద్దగానే ఉండేది. పది రూపాయల నోటుకీ వంద నోటుకీ తేడా తెలిసేది కాదు. అయితే మార్కెట్లో మూటలు మోసే వాళ్లలో ఎవరికి ఎప్పుడు దెబ్బ తగిలిందో మాత్రం దానికి గుర్తుండేది. కాలు బెణికి నడవలేకపోయినవాడు మర్నాటికి లేచి తిరుగుతున్నా సరే, కనిపించినప్పుడల్లా "నొప్పి తగ్గిందా?" అని ఆపి అడిగేది. పొద్దున్నే తండ్రి చొక్కాకి గుండీలు తనే పెట్టాలి. ఒక కాజా తప్పించి పెట్టేది. అతను అలాగే మార్కెట్‌కి వెళ్లేవాడు. నవ్వే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

భార్య నాగరత్నం శుక్రవారం శుక్రవారం దీపం పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది. ఏం కోరుకుంటున్నావని పెళ్లైన కొత్తలో అడిగేవాడు గానీ, అలేఖ్య పుట్టాక అడగడం మానేశాడు. అడక్కుండానే ఒకసారి ఆవిడే చెప్పింది.

"దానికన్నా ఒక్కరోజు ఎక్కువ బతకాలండీ. అంతే. ఇంకేం వద్దు నాకు."

అలాంటి బిడ్డని కన్న ఏ తల్లిని అడిగినా ఆ మాటే చెబుతుంది. అతను తల దించుకుని లేచిపోయాడు.

శనివారాలు అలేఖ్యని ఏలూరు తీసుకెళ్లేవాడు. అక్కడ ఇలాంటి పిల్లలకి కాగితం సంచులు అంటించడం, కొవ్వొత్తులు పొయ్యడం నేర్పే కేంద్రం ఒకటుంది. పిల్లలు లోపలుంటే పెద్దవాళ్లు వరండాలో కూర్చుంటారు. అలా పరిచయమయ్యాడు జాకబ్. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కూతురు రూబీ, అలేఖ్య ఒకరి చెయ్యి ఒకరు వదిలేవారు కాదు.

ఒక చలికాలం ఆ కేంద్రంవాళ్లు పిల్లలందరినీ కొల్లేరు తీసుకెళ్లారు. ఆటపాక దగ్గర గూడబాతులు చెట్లనిండా గూళ్లు కట్టుకుని ఉన్నాయి. పిల్లలు పడవెక్కి కేకలు పెడుతుంటే తండ్రులిద్దరూ గట్టుమీద కూర్చున్నారు. అప్పుడడిగాడు జాకబ్.

"ప్రసాద్ గారూ, మీరు పోయాక అలేఖ్య సంగతేంటండీ?"

ఎవరూ అంత మొహమాటం లేకుండా ఎప్పుడూ అడగలేదు. ఈశ్వరప్రసాద్ వేళ్లమీద లెక్కపెట్టాడు.

"కొట్టుందండి. చిన్న స్థలం ఒకటుంది. వాళ్లమ్మ బంగారం ఉంది."

"కొట్టు ఎవరు నడుపుతారండీ? స్థలం అమ్మాల్సొస్తే అలేఖ్య బేరమాడుతుందా?"

"అందుకేనండి, షేర్లు కొందామనుకుంటున్నాను. మంచి కంపెనీలు ఓ ఆరేడు ఏరి. ఏరడం నాకు కొత్తేం కాదు కదండీ."

జాకబ్ మెల్లిగా నవ్వాడు. "ఏరగలరండి. మీరున్నన్నాళ్లూ ఏరగలరు. మీరు పోయాక ఎవరేరతారు? ఆరింట్లో రెండు మునిగితే ఎవరు కనిపెడతారు? నేనూ అదే ఆలోచించి ఇండెక్స్ ఫండ్‌కి వచ్చానండి. అందులో ఏరే పనే లేదు. దేశంలో పెద్ద కంపెనీలు యాభై ఉంటే ఆ యాభైలోనూ మన డబ్బు కాస్త కాస్త ఉంటుంది. ఒకటి చితికిపోతే జాబితాలోంచి జారిపోతుంది, దాని చోట్లోకి ఇంకోటొస్తుంది. ఫండు నడిపేవాడు మేధావి కానక్కర్లేదు. మన దగ్గర ఖర్చులు తక్కువ పట్టుకుంటే చాలు."

"పడిపోతేనో?"

"పడుతుందండీ. సగానికి సగం పడిన రోజులు కూడా ఉన్నాయి. రేపో ఎల్లుండో కావలసిన డబ్బైతే అందులో పెట్టకూడదు. మనది అలాంటి డబ్బు కాదు కదా. ఇప్పుడు మన పిల్లలు అరవై దాటి బతుకుతున్నారటండీ. మనం డెబ్బైకి చూసుకోవాలి. అంటే ఇంచుమించు ఇంకో యాభై ఏళ్లు."

ఈశ్వరప్రసాద్‌కి ఆ తరవాతి మాటలు సరిగా వినపడలేదు. అలేఖ్య పుట్టినప్పుడు గుండెలో రంధ్రం ఉందని, పదేళ్లు గడిస్తే గొప్పేనని చెప్పారు. పదేళ్లు దాటాక పదిహేను అన్నారు. ఎప్పుడూ దాని ముందున్న కాలం అతనికి జానెడే కనిపించేది. తల నెరిసిన అలేఖ్యని అతను ఎన్నడూ ఊహించుకోలేదు. ఆ పూట గట్టుమీద కూర్చుని ఊహించుకున్నాడు. తెల్లటి జుట్టు, పొట్టి చేతులు, సోడాబుడ్డి కళ్లద్దాలు, ఎవరినో ఆపి "నొప్పి తగ్గిందా?" అని అడుగుతూ ఒక ముసలమ్మ. పడవ దిగి పరిగెత్తుకొస్తున్న పిల్ల కనబడేసరికి పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తరవాత శనివారాలన్నీ వరండాలో అదే మాట. ఇండెక్స్ అనే ఆ జాబితా ఒక్కటే అయినా ఫండ్లు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. అన్నింట్లోనూ అవే యాభై. ఏది తీసుకోవాలి?

"రెండే చూడండి," అన్నాడు జాకబ్. "ఏటా మన దగ్గర ఎంత కోసుకుంటున్నాడు, ఇండెక్స్ నడిచినట్టే నడుస్తోందా లేదా. మధ్యలో ఏజెంటు లేని డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి. ఖర్చులో చిన్న తేడాయే కదా అనిపిస్తుంది. యాభై ఏళ్లలో అదే కొండవుతుంది."

నాగరత్నం తమ్ముడు భానుప్రకాష్ ఒకరోజు కొట్టుకొచ్చి, చిన్న కంపెనీల ఫండు ఒకటి పోయినేడాది రెట్టింపైందని ఫోన్లో చూపించాడు. "అందులో పెట్టండి బావగారూ, ఈ ఇండెక్సేంటి చప్పగా!"

"పోయినేడు పలికిన రేటు చూసి ఈ ఏడు పాయ నిలవ చేసినవాడు ఏమవుతాడో నీకు తెలీదురా, నాకు తెలుసు," అన్నాడు ఈశ్వరప్రసాద్.

చివరికి మూడు భాగాలు చేశాడు. పెద్దది యాభై కంపెనీల ఫండు. దాని తరవాతి యాభై కంపెనీలది ఇంకొకటి, కొంచెం. మందులకీ హఠాత్తుగా వచ్చే ఖర్చులకీ బ్యాంకు డిపాజిట్. నెల నెలా ఖాతాలోంచి దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేశాడు. ఈ పొదుపు దేనికోసమని ఫోన్ అడిగితే అలేఖ్య అని పేరు కొట్టాడు. పక్కనే కూర్చున్న కూతురి వేలు పట్టుకుని ఆఖరి బొత్తాం దానిచేతే నొక్కించాడు. అది చప్పట్లు కొట్టింది.

ఆ శుక్రవారం దీపం దగ్గర్నుంచి లేచొచ్చిన నాగరత్నం మొహం కొత్తగా ఉంది.

"ఏవండీ, ఇవాళ ఆ కోరిక కోరలేదండీ," అంది. "దాన్ని డెబ్బై ఏళ్లు బతికించమని అడిగాను. మనం ముందు పోయినా ఫరవాలేదన్నాను. అలా అడగొచ్చని ఇన్నాళ్లూ తోచనే లేదు."

ఆ ఏడాది వాళ్లింట్లో ఒక తేలిక ఉండేది. చుట్టాలు కూడా గమనించారు.

వానలు ముదిరాక అలేఖ్యకి జలుబు చేసింది. దానికది మామూలే అనుకున్నారు. జలుబు జ్వరమైంది, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. మొదటినుంచీ బలహీనమైన గుండె, తట్టుకోలేదన్నారు. సెలైన్ సూది మార్చడానికొచ్చిన నర్సు వేలికి చిన్న ప్లాస్టర్ ఉంది. ఆక్సిజన్ మాస్కు పక్కకి లాక్కుని అలేఖ్య ఆ వేలు పట్టుకుంది.

"నొప్పా?"

"లేదమ్మా, తగ్గిపోయింది," అంది నర్సు.

ఆ అడిగిందే దాని ఆఖరి మాట. మర్నాడు పొద్దెక్కుతుండగా వెళ్లిపోయింది.

పలకరింపుకి వచ్చినవాళ్లు మంచివాళ్లే. ఒక్కొక్కరూ కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఇంచుమించు అదే మాట అన్నారు. "పోనీలెండి, మీ తరవాత దాని గతేంటనే బెంగ తీరింది." అయిదారుగురు అన్నదాకా నాగరత్నం విని ఊరుకుంది. ఆ తరవాత పెద్ద ముత్తైదువ ఒకావిడ అదే అనబోతుంటే లేచి నిలబడింది.

"మా బెంగ అదివరకే తీరిందండీ," అంది. "దానికి డెబ్బై ఏళ్లకి సరిపడా చూసి పెట్టారు మా ఆయన. అది పోవక్కర్లేదండీ. దాని బరువు ఎవరిమీదా లేదు."

వచ్చినావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దకర్మ అయిన వారంలోపే ఈశ్వరప్రసాద్ ఫోన్ మోగింది. ఖాతాలోంచి డబ్బు వెళ్లిందనీ, ఫండు యూనిట్లు జమయ్యాయనీ సందేశం. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేకుండా తను చేసిన ఏర్పాటే. ఎవరూ ఏమీ చెయ్యకుండానే జరిగింది. ఫోన్ భార్యకి కనపడకుండా తిప్పి పెట్టాడు గానీ, ఆవిడ చూడనే చూసింది.

"నేనే అడిగానండీ," అంది నెమ్మదిగా. "ఇరవై రెండేళ్లు ఒకటే అడిగాను. కొత్త కోరిక చేరేలోపు పాతదే తీర్చేశాడు దేవుడు."

"కాదు రత్నం."

"ఒక్కరోజే అడిగాను కదండీ. ఇన్ని రోజులు ఎవరడిగారు?"

అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

జాకబ్ దినం నాడు వచ్చి, ఒక మూల కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయిన మనిషి. నెల తరవాత మళ్లీ వచ్చాడు, రూబీని ఇంట్లో వదిలేసి ఒక్కడే. కాసేపు కూర్చున్నాక ఈశ్వరప్రసాద్ ఫోన్ తీసి ఆయన చేతికిచ్చాడు.

"ఇది ఎలా ఆపాలో చెప్పండి."

"ఆపక్కర్లేదేమోనండీ, మీ ఇద్దరి ముందు ఇంకా చాలా..." అంటూ జాకబ్ అలవాటుగా మొదలుపెట్టి, చటుక్కున ఆగిపోయాడు. కళ్లద్దాలు సవరించుకుని ఫోన్ తెరిచాడు.

రద్దు చేసేముందు కారణం చెప్పమంది ఫోన్. కింద వరసగా రాసుంది. నిధులు అందుబాటులో లేవు. ఫండు పనితీరు బాగోలేదు. మరో చోట పెట్టదలిచాను. మార్కెట్ ఒడుదొడుకులు భరించలేను. లక్ష్యం నెరవేరింది. ఇతర కారణాలు. ఏదో ఒకటి ఎంచుకోనిదే ముందుకి వెళ్లదు. ఈశ్వరప్రసాద్ చూపు లక్ష్యం నెరవేరింది అన్న మాట మీద నిలిచిపోవడం జాకబ్ చూశాడు. అరచెయ్యి అడ్డం పెట్టి ఫోన్ తనవైపు తిప్పుకున్నాడు.

"నేను చేస్తానుండండి," అన్నాడు. ఇతర కారణాలు అన్నది ఎంచుకున్నాడు. ఆ కారణమేమిటో రాయమని ఖాళీ గడి వచ్చింది. అందులో ఒక్క చుక్క పెట్టి పంపేశాడు.

నాగరత్నం కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. "అందులో ఇప్పటిదాకా వేసింది ఏమవుతుందండీ?"

"ఉంటుందమ్మా. తియ్యకపోతే అలాగే ఉంటుంది. పెరుగుతుంది."

"అది లేకుండా ఇది పెరగడమెందుకండీ?" అంది. కాఫీ కింద పెట్టి, "అయినా తియ్యకండి," అంది. "దాని పేరుతో ఉంది కదా."

జాకబ్ లేచేటప్పుడు ఆవిడే మళ్లీ అంది. "రూబీని ఒకసారి తీసుకురండి అన్నయ్యగారూ. ఇప్పుడే కాదు. చూడగలననిపించాక కబురు పెడతాను."

"అలాగేనమ్మా," అన్నాడాయన.

ఆ చలికాలం షేర్ మార్కెట్ పడింది. షేర్లున్న వర్తకులంతా మొహాలు వేలాడేశారు. ఈశ్వరప్రసాద్ ఫోన్ తెరిచి చూస్తే అలేఖ్య అన్న పేరు కింద అంకెలు ఎర్రగా ఉన్నాయి. ఉల్లి రేటు రూపాయి పడినా లెక్కలు తిరగేసే మనిషికి ఏమీ అనిపించలేదు. తనకే ఆశ్చర్యం వేసింది.

కానీ మామిడి పూత నాటికి మార్కెట్ మళ్లీ లేచింది. ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని, ఎందుకో తెలియకుండానే ఫోన్ తెరిచాడు. పడిందంతా పూడి, పైన ఇంకొంత చేరింది. పచ్చటి అంకెలు. జాకబ్ చెప్పినట్టే, ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ చూడకుండా, అలేఖ్య పెరుగుతోంది.

అప్పుడు తట్టుకోలేకపోయాడు. లారీ దిగుతోంది, అవతల వేలంపాట నడుస్తోంది, చుట్టూ జనం ఉన్నారు. ఆసుపత్రిలో ఏడవని మనిషి, కాటి దగ్గర ఏడవని మనిషి, గద్దెమీద ముందుకి వాలి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. మూటలు మోసేవాళ్ల ముఠామేస్త్రి సూర్యనారాయణ బస్తాలు దింపడం ఆపించాడు. ఏమైందని అడగలేదు. దగ్గరికీ రాలేదు. వచ్చి కొట్టు గుమ్మానికి అడ్డంగా, రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. ధర అడగడానికొచ్చిన వాళ్లని "తరవాత రండి" అని పంపేస్తూ, లోపల ఏడుపు సద్దుమణిగేదాకా అలాగే నిలబడ్డాడు.