తిప్పి పెట్టిన పలక

నేను ఒక టేకు పలకను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ఒంటి మీద వరుసగా నాలుగు గుండ్రటి గుంతలు. ఒక్కో గుంతలో ఒక చిన్న గ్లాసు కూర్చుంటుంది, ఒక్కో గ్లాసులో ఒక్కో రకం బీరు. మనుషులు నాలుగూ రుచి చూసి, పెదాలు చప్పరించి, తీర్పులు చెబుతారు. తాగడం కన్నా తీర్పు చెప్పడమే వాళ్లకు ఎక్కువ ఇష్టమని నేను చాలా త్వరగా తెలుసుకున్నాను.

అంతకు ముందు నేను ఒక సినిమా హాలు తలుపును. హాలు కూల్చాక కలప అడితికి చేరితే, విశ్వనాథాచారి అనే వడ్రంగి నన్ను కోసి చిత్రిక పట్టాడు. నన్ను చేయించింది ముకుందరావు. హైదరాబాదులో బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే బారు ఆయనది. మొదటి గ్లాసు ఏ వైపో తెలిసేలా ఒక కొసన గుర్తు పెట్టమంటారా అని ఆచారి అడిగాడు. గుర్తెందుకు, నా పేరు చెక్కు చాలు అన్నాడాయన. అలా నా రెండు కొసలూ ఒక్కలాగే మిగిలిపోయాయి, నడుమ మాత్రం 'ముకుందరావు' అని కొట్టొచ్చినట్టు ఉంటుంది.

అక్కడ బీరు కాచేవాడు ఓబులేసు, కడప మనిషి. గోధుమ బీరు, మాడు వాసన వేసే నల్ల బీరు, హాప్స్ అనే పువ్వుతో చేసే కటిక చేదు బీరు, ఈ మూడూ ఎవరో నేర్పిపోయినవి. నాలుగోది అతని సొంతం. నూకలతో ఎనిమిది నెలలు తంటాలు పడి చేసిన బియ్యం బీరు. పలుచగా, అప్పుడే వార్చిన అన్నం వాసనతో, చివర్న రవ్వంత తీపితో ఉండేది. అంత మెత్తటి రుచి తెలియాలంటే ముందు దాన్నే తాగాలి. చేదు తగిలాక నాలుక మొద్దుబారుతుంది, ఇక అది దొరకదు. ఓబులేసు వరుస ఎన్నడూ తప్పేవాడు కాదు, గుక్కగుక్కకూ నడుమ నమలడానికి ఉప్పు లేని బొరుగులు కూడా పెట్టేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు భాగస్వాములు వస్తున్నారని ముకుందరావు చెప్పాడు. వాళ్లకు బియ్యం బీరు నచ్చితే ఉంచుతామని, లేదంటే అదీ వద్దు, అది తప్ప ఇంకేదీ పట్టని ఓబులేసూ వద్దని ముందే తేల్చేశాడు.

ఆ రోజు ఓబులేసు గ్లాసులు అంచుల దాకా నింపాడు. ఎప్పుడూ పేరు తన వైపు ఉంచుకుని గ్లాసులు నింపి, నన్ను అతిథుల వైపు తిప్పి పెట్టేవాడు. తిప్పితే నురగ ఒలుకుతుందని భయపడి, ఈసారి గ్లాసులనే రెండో కొస నుంచి పేర్చి, నన్ను తిప్పకుండా బల్ల మీద పెట్టాడు. ఎడమ నుంచి మొదలుపెట్టే అతిథులకు బియ్యం బీరే ముందు అందేలా ఉంది. పేరు మాత్రం వాళ్లకు తలకిందులైంది.

ముకుందరావుకు అదే కనబడింది. రెండు చేతులతో నన్ను పట్టి, పేరు అతిథులకు చదవడానికి వీలుగా గిర్రున తిప్పాడు. కటిక చేదు గ్లాసు ముందుకొచ్చింది, బియ్యం బీరు చివరికి పోయింది. ఆయన చేదు గ్లాసు ఎత్తి, వంతులవారీగా రుచి చూడమని అతిథులకు అందించాడు. ఓబులేసు ముఖం పాలిపోయింది.

"సార్, ఆ కొస నుంచి మొదలుపెడితే బాగుంటాది," అన్నాడు మెల్లగా.

ముకుందరావు అతిథుల వంక చూసి నవ్వాడు. "తాగడం కూడా నువ్వే నేర్పిస్తావా, ఓబులేసూ?"

అందరూ నవ్వారు. నలుగురిలో యజమాని మాట కాదనడం ఓబులేసుకు చేతకాదు. నాకు నోరే లేదు. చేదు, నలుపు, గోధుమ అన్నీ అయ్యాక ఆఖరి గ్లాసు అందుకుని, ఒక పెద్దమనిషి ముఖం చిట్లించాడు.

"ఇందులో ఏముందండీ? బియ్యం కడిగిన నీళ్లలా ఉంది."

సాయంత్రానికల్లా బియ్యం బీరు పీపాలన్నీ కాలువలో పోశారు. పోసింది ఓబులేసే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. అతిథుల చివరి గ్లాసు సగం అలాగే మిగిలింది. గ్లాసులు కడిగే రాజమణి అంతకు ముందు ఏమీ తాగలేదు, దాన్ని ఒక గుక్క తాగింది. "అన్నా, మంచిగుంది గదా," అంది. ఓబులేసు తల ఊపి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎక్కడో కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో సీసాల మూతలు సరిచూస్తున్నాడట. బీరు కాయడం మానేశాడట.

ఏడాది తరువాత ముకుందరావు బెంగళూరు వెళ్లొచ్చాడు. అక్కడ వరుసలో మొట్టమొదటి గ్లాసుగా ఇచ్చిన బియ్యం బీరు గురించి గంటసేపు చెప్పాడు. "ఏం సున్నితం, ఏం వాసన! మన దగ్గర అలాంటిది చేయగల మనిషే లేడు," అన్నాడు నిజంగానే దిగులుగా.

నన్ను తుడుస్తున్న రాజమణి చెయ్యి ఆగింది. ఆమె ఆయన వైపు ఒకసారి చూసి, నా మీది పేరును మళ్లీ తుడవసాగింది.

ఇప్పుడు నా గుంతల్లో చట్నీ గిన్నెలు పెడుతున్నారు. ఏ కొస నుంచి తిన్నా ఎవరికీ నష్టం లేదు. అయినా ముకుందరావు అటుగా వచ్చినప్పుడల్లా, తన పేరు అతిథుల వైపు ఉండేలా నన్ను తిప్పి మరీ వెళ్తాడు.