ప్రసన్నకుమారి నేర్పిన నలభై వాక్యాలు

వేంపల్లె మొత్తానికి యిడ్డిష్, అంటే పాతకాలం యూదుల ఇంటిభాష, వచ్చిన మనిషి ప్రసన్నకుమారి ఒక్కతే. జెరూసలేములో రోఖెల్ అనే యూదు ముసలమ్మకు ఎనిమిదేళ్ళు సేవ చేసి, ఆమె పోయాక ఇల్లు చేరింది. తప్పు పట్టేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు కాబట్టి ఆమె పాండిత్యానికి ఇంతకాలం ఢోకా లేదు.

ఇప్పుడొచ్చింది పరీక్ష. నర్సు చదివిన క్రిస్టినాకు జెరూసలేములోనే ఫైగె అనే మరో ముసలమ్మ ఇంట్లో పని కుదిరేలా ఉంది. ఆ ఫైగెకు యిడ్డిష్ తప్ప ఏదీ గిట్టదు. ఏడాదిలో నలుగురు ఆయమ్మలను వెళ్ళగొట్టిన ఘనురాలు. గురువారం వీడియో కాల్‌లో ఆమె సరేనంటే ఉద్యోగం, లేదంటే లేదు. పనికి పంపే ఏజెన్సీవాళ్ళ వయసు నిబంధన చూస్తే క్రిస్టినాకు ఇదే ఆఖరి అవకాశం.

నెలరోజులు చర్చి వెనక గదిలో పాఠాలు నడిచాయి. ప్రసన్నకుమారి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసేది.

"మన మాటలో క్రియ ఎప్పుడొస్తాది? అందరూ కూచున్యాక నింపాదిగా ఆఖర్న వస్తాది. 'నేను ఈపొద్దు సంగటి తింటాండా.' వాళ్ళకట్ల కుదరదు. రెండో కుర్చీ దానిదే."

"మొదటి కుర్చీలో ఎవురు కూచోవాల అత్తా?"

"ఎవురన్నా కూచోనీ. నేను కూచుంటే 'నేను తింటాండా ఈపొద్దు సంగటి'. ఈపొద్దు ముందరికొస్తే 'ఈపొద్దు తింటాండా నేను సంగటి'. తినేది మాత్రం కదల్దు. మన సంఘపెద్ద గాబ్రియేలయ్య ఆదివారం రెండో కుర్చీ ఇడుస్తాడా? అదే లెక్క."

క్రిస్టినాకు చప్పున బోధపడింది. బిషప్పుగారొచ్చిన రోజు కూడా గాబ్రియేలయ్య ఆ కుర్చీలోంచి లేవలేదని ఊరందరూ ఎరుగుదురు.

"మరి వీటికి అర్థాలు?"

"అర్థాలు తర్వాత చూసుకుందాం పాపా. వరస తప్పితే వాళ్ళు మొగం గూడా చూడరు. నేను ఎన్ని మాటలు పడినానో నాకు తెలుసు."

అలా నలభై వాక్యాలు ముక్కున పట్టించింది. క్రిస్టినా నిద్రలో లేపినా అప్పజెప్పేది. ఎక్కడా రెండో కుర్చీ ఖాళీ లేదు.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. గదిలో వేరే ఎవరూ ఉండకూడదని ఏజెన్సీ షరతు. అందుకని యాభై ఆరేళ్ళ ప్రసన్నకుమారి మోకాళ్ళ నొప్పితోనే బల్ల కిందికి దూరి, బల్లమీద పరిచిన గుడ్డ చాటున చెవులు రిక్కించింది.

తెరమీద ఫైగె, ఆమె పక్కన కూతురు. ముసలమ్మ మొగం గంటు పెట్టుకుని, "వోస్ మాఖ్‌స్తు?" అంది. ఎలా ఉన్నావు అని.

క్రిస్టినా నవ్వుమొగంతో, ఎంతో వినయంగా బదులిచ్చింది. "విదెర్ బిస్తు ష్పెట్."

బల్ల కింద ప్రసన్నకుమారి గుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. 'మళ్ళీ ఆలస్యంగా తగలడ్డావు నువ్వు' అని దాని అర్థం. వరస బంగారంలా ఉంది. మాటే కొంప ముంచింది. గబగబా మిగతా ముప్ఫైతొమ్మిదీ నెమరేసుకుంటే ఒక్కటంటే ఒక్క మంచి మాట లేదు. ఎట్లా ఉంటుంది? ఎనిమిదేళ్ళూ రోఖెల్ నోట విన్నవి అవే. నేర్పేటప్పుడు అవి తిట్లన్న సంగతే ఆమెకు తోచలేదు, భాషంటేనే అది అనుకుంది.

ఫైగె ఏదో గద్దించింది. క్రిస్టినా తడుముకోకుండా ఇంకోటి వదిలింది. "హైంట్ హోస్తు గోర్‌నిష్ట్ గెటోన్." ఈరోజు నువ్వు చేసిన పని సున్నా.

ఫైగె లేచి కూర్చుంది. ఆమె రెండంటే పిల్ల మూడంది. ఆమెకు అర్థమయ్యి, ఈ పిల్లకు అర్థంకాక, పత్తికొండ టమాటా మార్కెట్లో గంపల దగ్గర పోట్లాడుకున్నట్టు పది నిమిషాలు సాగింది.

చివరికి ఫైగె, "నీకు ఈ మాట నేర్పిందెవరు?" అని అడిగింది. క్రిస్టినాకు అర్థం కాక బల్ల కిందికి చూసింది. ఇక దాగి లాభం లేదు. ప్రసన్నకుమారి తలమీద గుడ్డతో సహా బయటికొచ్చి, సిగ్గుతో చచ్చిపోతూ, రోఖెల్ పేరు చెప్పింది. ఆమె దగ్గర తనకు ఒక్కరోజూ మర్యాద దక్కలేదనీ, అందుకే మర్యాద మాటలు రావనీ, తప్పు తనదే గాని పిల్లది కాదనీ చెప్పుకుంది.

ఫైగె తెరకు దగ్గరగా జరిగింది. "ఆ నలుగురూ నాతో చచ్చినదానితో మాట్లాడినట్టు తియ్యతియ్యగా మాట్లాడారు. మేము మర్యాదలు చేసేది పరాయివాళ్ళకు. తిట్టేది కడుపున పుట్టినవాళ్ళను," అంది.

రోఖెల్ పోయిన రోజు పీడ విరగడైందని అనుకుంది ప్రసన్నకుమారి. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఇప్పుడు కళ్ళు ఆగడం లేదు.

"ఏమంటాంది అత్తా? నన్ను వద్దంటాందా?" క్రిస్టినా భయంగా భుజం పట్టుకుంది.

"రమ్మంటాంది పాపా," అంది ప్రసన్నకుమారి వెక్కుతూ. "శానా తిడతాదంట."