ఓడెల్ నడిచే చోటు

ఓడెల్ విట్‌కోంబ్‌ని ఇంటికి పొమ్మన్న రోజు లోర్నా పెట్రాకిస్ అదే గదిలో ఉంది. పూర్వం సీరియల్ పూర్తయ్యేదాకా రచయితలు ఉండేవారు. ఇప్పుడు స్క్రిప్టులు చేతికి రాగానే, షూటింగ్ మొదలవకముందే, కంపెనీ అందరినీ పంపించేసింది. లోర్నా పోట్లాడింది, ఓడిపోయింది. పని తగ్గడంతో ఓడెల్‌కి ఆరోగ్య బీమా ఆగిపోయింది. గుండె నొప్పిని అజీర్ణం అనుకుంటూ నెట్టుకొచ్చాడు. రచయితల సమ్మె మొదలయ్యేనాటికి మనిషి లేడు. అతను రాసిన ఆఖరి ఎపిసోడ్ మాత్రం ఎడిటింగ్ గదిలో మిగిలింది.

లోర్నా ఆ సీరియల్‌కి షోరన్నర్. రచయితలకి పెద్ద ఆవిడే, కంపెనీ తరఫు నిర్మాతా ఆవిడే.

సమ్మె నడుస్తుండగా ఒక ఉదయం కంపెనీ నుంచి గ్రేసన్ ఫోన్ చేశాడు.

"తల్లి సీనుకి ఒక్క డైలాగు కావాలి, లోర్నా. ఆవిడ కిటికీ వైపు తిరిగి ఉంది, పెదాలు కనపడవు. డబ్బింగ్‌లో పెట్టేద్దాం. లేదంటే సీను తీసేస్తాం."

"అది ఓడెల్ సీను."

"అందుకే నీకు చెప్తున్నా. రచయితని ఇంట్లో వదిలేసి, నిర్మాతగా రా."

సమ్మెలో రచయితలెవరూ ఏమీ రాయకూడదు. వీపు తిప్పిన మనిషి చేత చెప్పించే ఒక్క మాట కూడా రాయడమేనా? కాదని తనకి తనే నచ్చజెప్పుకుంటూ లోర్నా కారు తీసింది.

స్టూడియో గేటు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని సమ్మెవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు. అందులో తన రచయితలూ ఉన్నారు. వాళ్లలో ఒకతె, టామ్సిన్, కారు అద్దం దగ్గరికి వంగింది.

"వచ్చారా మేడమ్‌గారు! లోపల ఏసీ బాగా పనిచేస్తోందట."

"ఎడిటింగ్ చూడ్డానికే. రాయడానికి కాదు."

"అయితే పెన్ను మాకిచ్చి వెళ్లండి."

అందరూ నవ్వారు. వరసలో టామ్సిన్ ముందు ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అందులోకి జరగడం లేదు.

"అక్కడ ఖాళీ ఏమిటి?"

"ఓడెల్ నడుస్తున్నాడు," అంది టామ్సిన్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంతలో సెట్టు సామాను లారీ వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏమ్మా, ఇంకా రాయట్లేదా?"

"రాయట్లేదు!" అన్నారంతా.

"అయితే నేనూ మొయ్యట్లేదు." హారన్ కొట్టి లారీ వెనక్కి తిప్పాడు.

కేకలు, చప్పట్లు. ఆ సందట్లో లోర్నా కారు లోపలికి పోయింది. ఎవరూ ఆపలేదు. ఒక్క తిట్టయినా తిడితే బాగుండు అనిపించింది.

ఎడిటర్ యోలాండా సీను వేసింది. "నాన్న వస్తాడా?" అని కూతురు అడుగుతుంది. కిటికీ దగ్గర తల్లి తిరగదు, పలకదు. ఓడెల్ అలాగే రాశాడు. యోలాండా మళ్లీ వేసింది. ఈసారి ఆ వీపు ఎవరి మాట కోసమో ఆగినట్టనిపించింది. మూడోసారికి తల్లి భుజాలు, ఎడమకాలు ఈడ్చి నడిచే ఓడెల్ భుజాల్లా కనిపించాయి, ఎడమవైపు కాస్త వాలి.

"చెప్పు, టైపు చేస్తా," అంది యోలాండా.

డైలాగు నాలుక మీదే ఉంది. అది ఓడెల్ గొంతుతో వినిపిస్తోంది. లోర్నా నోరు తెరిచింది. బతికుండగా గెంటేశారు. చచ్చాక అతన్నే ఎరవేసి తనని గేటు దాటించారు.

"లేదు, యోలాండా. ఆవిడ ఏమీ అనదు."

"సీను పీకేస్తారు!"

"పీకనీ. పీకిన చోటు కనపడుతుంది."

వరండాలోనే గ్రేసన్‌కి ఫోన్ చేసింది. "రచయిత లేకుండా నిర్మాత రాదు, గ్రేసన్."

"సీరియల్ నీది కాకుండా పోతుంది!"

"ఓడెల్‌దీ కాకుండా పోయిందిగా."

కారు అక్కడే వదిలేసి గేటు దాకా నడిచి వచ్చింది. టామ్సిన్ ఒక అట్ట అందించింది. లోర్నా ఖాళీ చోట్లోకి అడుగు వెయ్యబోయింది.

"అక్కడ కాదు. వెనకాల."

లోర్నా ఖాళీకి వెనకాల నిలబడింది. ఇంకో లారీ వచ్చి ఆగింది.

"ఏమ్మా, రాస్తున్నారా?"

"రాయట్లేదు!" అందరికంటే గట్టిగా అరిచింది లోర్నానే. లారీ మళ్లింది.

వరస కదిలింది. లోర్నా అడుగు కాస్త తగ్గించింది. తన ముందు ఖాళీలో నడిచే మనిషి ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.