పాస్టరుగారి గ్రీకు

శనివారం సాయంత్రం సంఘం భోజనాలకి ఉల్లిపాయలు తరుగుతుంటే మా ఆయన హాల్లోంచి కేకేశారు, దియాకొనోస్ అంటే ఏంటని. మా ఆయన జయచంద్రగారు ఫరీదాబాద్‌లో మా తెలుగు సంఘానికి పాస్టరు. ఆయన ప్రసంగంలో గ్రీకు మాట వచ్చిందంటే మనవాళ్ళు చెవి కోసుకుంటారు. అది మా వంటింట్లోంచి వెళ్తుందని వాళ్ళకేం తెలుసు? సెమినరీలో కలిసి చదివేటప్పుడు ఈయన గ్రీకులో తప్పితే కూర్చోబెట్టి నేర్పిందాన్ని నేను. పెళ్ళయ్యాక ఆయన పాస్టరుగారయ్యారు, నేను పాస్టరమ్మనయ్యాను.

చెప్పాను. పరిచారకులని అర్థం, వడ్డించేవాళ్ళకీ వాడతారు, ఒకరి తరఫున బాధ్యత మోసేవాళ్ళకీ వాడతారు. చూడ్డానికి మగ నామవాచకంలా ఉంటుంది గానీ ఆడవాళ్ళకీ అదే రూపం, పక్క మాటల్ని బట్టి పోల్చుకోవాలి. బైబిల్లో పౌలు తన ఉత్తరంలో ఫీబే అనే ఆవిడని ఏ మాటతో పరిచయం చేశాడో తన గురించీ అదే మాట చెప్పుకున్నాడు. ఇంకా చెప్పబోతుంటే "అచ్ఛా, మొదటిది చాలు" అన్నారు. మా అత్తగారు ధనమ్మగారు సోఫాలోంచే, ఆ గ్రీకుతోపాటు టీ కూడా పట్రమ్మంది. తల్లీకొడుకులిద్దరూ నవ్వుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. టీ పెట్టిచ్చాను.

ఆదివారం ఆరాధనకి ముందు, మా సంఘానికి అతిథిగా వచ్చిన ఘాజియాబాద్ బైబిల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గారు నన్ను పలకరించారు. "గ్రీకు పూర్తిగా మర్చిపోయారటగా అమ్మా? లేకపోతే రేపటి నుంచి క్లాసులు మీకే ఇద్దామనుకున్నాం" అని నొచ్చుకున్నారు. మా ఆయనే చెప్పారట. పాఠాలు చెప్తానని ఆ కాలేజీకి కబురు పంపి, ఫోను మోగితే చాలు పొయ్యి వదిలేసి పరిగెత్తేదాన్ని. వాళ్ళకి ఆడవాళ్ళు అక్కర్లేదేమోలే సరోజినీ అని నా తల నిమిరి ఓదార్చింది కూడా ఈ మనిషే. నేను నోరు తెరిచేలోపు పాట మొదలైంది. చెంగు నెత్తిన కప్పుకుని ఆడవాళ్ళ వైపు చాపమీద కూర్చున్నాను.

దియాకొనోస్ అంటే వడ్డించేదని చెప్పారు ఈయన. ఫీబే చేసిందదేనట, మన సహోదరీలు వెనక షెడ్డులో గిన్నెల దగ్గర చేస్తున్నదీ అదేనట. అందరూ ఆమెన్ అన్నారు. మా సంఘంలో ప్రసంగం అయ్యాక మగవాళ్ళు ప్రశ్నలడగొచ్చు. ప్రిన్సిపాల్‌గారు లేచి, "పౌలు తనకీ అదే మాట వాడుకున్నాడు కదండీ, మరి ఆయన ఎక్కడ వడ్డించాడు?" అన్నారు.

మగవాళ్ళ వైపు నవ్వులు. ఈయన గొంతు సవరించుకుని, నీళ్ళు తాగి, నావైపు చూశారు. సెమినరీ పరీక్ష హాల్లోనూ ఇలాగే చూసేవారు. అప్పుడు జాలేసేది. ఇప్పుడు హాయిగా ఉంది. ఇంకాసేపు అలాగే నిలబడనిచ్చాను. ఆయన చెవులు ఎర్రబడటం, ముందు వరసవాళ్ళు తలలు దించుకోవడం తీరిగ్గా చూసి అప్పుడు లేచాను. అత్తగారు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది. విదిలించుకున్నాను.

"మర్చిపోయింది నేను కాదండీ, ప్రిన్సిపాల్‌గారూ. ఈయన నేర్చుకోనేలేదు. ఆ మాటకి అర్థం నిన్న నన్నే అడిగారు, సగం విని చాలన్నారు. మిగతా సగం క్లాసులో చెప్తాను. రేపు ఎన్నింటికి రమ్మంటారు?"